దూరం నుంచి ఆజ్ఞ: ఆటల సర్వర్ల పాలనలో ఆర్‌కాన్ చరిత్ర, కర్తృత్వ సమస్య

వ్యాస సంగ్రహం

ఇంటర్నెట్ ద్వారా పలువురు కలిసి ఆడే ఆటల సర్వర్లను దూరం నుంచి నడిపే పద్ధతికి ఆర్‌కాన్ అని పేరు. 'రిమోట్ కన్సోల్' అనే మాటకు ఇది కుదింపు. 1996 చివర క్వేక్ వరల్డ్‌తో వ్యాప్తిలోకి వచ్చిన ఈ పద్ధతినీ, దాని చుట్టూ పుట్టిన కమాండ్ లైన్ సాధనాలనూ ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. ఆజ్ఞ ఇస్తున్నది ఎవరని అడగకుండా, రహస్యపదం తెలుసా అని మాత్రమే అడగడం ఆర్‌కాన్ మౌలిక లక్షణం. తర్వాతి కాలంలో వచ్చిన మార్పులలో చాలావరకు ఆ మొదటి ప్రశ్నను తిరిగి తెచ్చుకునే ప్రయత్నాలేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆర్‌కాన్, క్వేక్ వరల్డ్, లాంబ్డామూ, కమాండ్ లైన్, సర్వర్ పాలన, లాగ్, కర్తృత్వం.

1. ప్రవేశిక

2008 ప్రాంతంలో నేనున్న కళాశాల వసతిగృహంలో రాత్రి భోజనాల తర్వాత కౌంటర్-స్ట్రైక్ ఆట సాగేది. గదుల మధ్య వైర్లు లాగి కంప్యూటర్లను కలిపారు. వాటిలో ఒకటి సర్వర్. దాన్ని అదుపు చేసే పాస్‌వర్డ్ నలుగురు సీనియర్లకు తెలుసు. ఒక రాత్రి ఎవరో ఒక జూనియర్ విద్యార్థిని ఆట నుంచి నిషేధించారు. నిషేధ కాలం 4320 నిమిషాలు, అంటే సరిగ్గా మూడు రోజులు. ఎవరు చేశారని అడిగితే నలుగురూ తాము కాదన్నారు. సర్వర్ లాగ్ తెరిచి చూశాం. ఆజ్ఞ ఉంది, సమయం ఉంది, ఆజ్ఞ వచ్చిన కంప్యూటర్ చిరునామా ఉంది. ఆ కంప్యూటర్ కామన్ రూములోది; దాని ముందు ఎవరైనా కూర్చోవచ్చు. విచిత్రమేమంటే పాస్‌వర్డ్ కూడా ఆ వరుసలోనే స్పష్టంగా అచ్చై ఉంది. లాగ్ చూడటానికి గుమిగూడిన పదిమందికీ ఆ క్షణం నుంచి పాలనాధికారం వచ్చేసింది. నిషేధం విధించిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. నిషేధాన్ని మనిషి మీద కాక ఐపీ చిరునామా మీద విధించారు. మర్నాడు కంప్యూటర్ల చిరునామాలు మారాయి. జూనియర్ మామూలుగా ఆటలోకి వచ్చాడు. దీనితో ఏ సంబంధమూ లేని మరో విద్యార్థి బయట ఉండిపోయాడు. అప్పట్లో దాన్ని అందరం నవ్వులాటగానే తీసుకున్నాం. ఆ జూనియర్ మాత్రం ఒకటి రెండు రోజులు ఆడి మానేశాడు. తనను వద్దనుకున్నదెవరో తెలియని చోట తానెందుకు కూర్చోవాలని అతడు అడిగిన ప్రశ్నకు అప్పుడు మా దగ్గర సమాధానం లేదు.

తెలుగులో 'శాసనం' అనే మాటకు ఆజ్ఞ అనీ, రాతిమీదో రాగిరేకుమీదో చెక్కిన రాత అనీ రెండర్థాలున్నాయి. ఈ రెండూ ఒకే మాటలో ఇమిడి ఉండటం యాదృచ్ఛికం కాదు. దాన శాసనం చదివేవారు మొదట వెతికేది ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు, కాలం. రాసిన లేఖకుడి పేరు కూడా కొన్నింటిలో దొరుకుతుంది. ఆజ్ఞ చెల్లాలంటే దానికొక కర్త ఉండాలనే భావన ఆ పద్ధతి వెనుక ఉంది. వసతిగృహపు లాగ్ కూడా ఒక శాసనమే. కాలం, స్థలం, ఆజ్ఞ అన్నీ ఉండి, కర్త లోపించిన శాసనం. ఈ లోపం ఎక్కడ మొదలైందన్నదే ప్రస్తుత వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

2. ఆట లోపలి మాంత్రికులు

పలువురు ఏకకాలంలో ఆడే కంప్యూటర్ ఆటల చరిత్రలో తొలి మైలురాళ్ళలో ఒకటి 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పుట్టిన 'మడ్'. రాయ్ ట్రబ్‌షా దాన్ని మొదలుపెట్టగా రిచర్డ్ బార్టిల్ కొనసాగించాడు. అందులో బొమ్మలు లేవు. గది వర్ణన తెర మీద వాక్యాలుగా కనిపిస్తుంది. ఆడేవారు తాము చేయదలచిన పనిని మాటల్లో టైపు చేస్తారు. తగినన్ని పాయింట్లు సంపాదించినవారు 'విజార్డ్' అనే మాంత్రిక స్థాయికి చేరతారు. ఇతరులకు తెలియకుండా వారి ఆటను గమనించడం, గొడవ చేసేవారి పాత్రను ఒక్క మాటతో అంతం చేయడం వంటి శక్తులు ఆ స్థాయివారికి లభిస్తాయి. అంటే ఆటలో నిర్వాహకుడు ఒకప్పటి ఆటగాడే. అతడికో పేరుంది, గతముంది. అతడు ఎన్ని నెలలు ఆడి ఆ స్థాయికి వచ్చాడో తక్కినవారికి తెలుసు. అతడి చేతిలో అన్యాయం జరిగితే ఎవరిని తిట్టుకోవాలో కూడా తెలుసు.

ఈ సంప్రదాయంలో అధికారం గురించి మథనపడిన లోకం లాంబ్డామూ. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న పావెల్ కర్టిస్ 1990లో దాన్ని ప్రారంభించాడు. సభ్యులు పెరిగేకొద్దీ తగవులు తీర్చడం మాంత్రికులకు భారమైంది. 1992 డిసెంబరులో కర్టిస్ ఒక ప్రకటన చేశాడు. ఇకపై మాంత్రికులు సాంకేతిక పనివారు మాత్రమే. మంచిచెడ్డల నిర్ణయాలు సమాజానివే. కొన్ని నెలలకే, 1993లో, ఒక సభ్యుడు ఇతరుల పాత్రలపై లైంగిక హింసను వాక్యాల రూపంలో ప్రదర్శించాడు. సభ్యులు సమావేశమై గంటల తరబడి వాదించుకున్నారు కానీ తీర్మానానికి రాలేదు. చివరికి ఒక మాంత్రికుడు తన సొంత నిర్ణయంతో ఆ పాత్రను తొలగించాడు. జూలియన్ డిబెల్ ఆ సంవత్సరం చివర ఈ ఉదంతంపై రాసిన వ్యాసం ఇంటర్నెట్ సమాజాల అధ్యయనంలో నేటికీ పాఠ్యాంశం. తర్వాత కర్టిస్ అర్జీలు, ఓటింగు పద్ధతి ప్రవేశపెట్టాడు. అదీ పూర్తిగా నిలవలేదు. సాంకేతిక నిర్ణయాన్నీ సామాజిక నిర్ణయాన్నీ వేరు చేయడం సాధ్యం కాలేదని ఒప్పుకుంటూ మాంత్రికులు 1996 మేలో మరో ప్రకటన చేశారు.

ఆ నెలనూ సంవత్సరాన్నీ ఇక్కడ గుర్తుంచుకోవాలి. బటన్ నొక్కే చేతికి బాధ్యత తప్పదని ఒక లోకం నాలుగేళ్ళు తర్జనభర్జన పడి తెలుసుకుంది. అదే ఏడాది చివర మరో లోకం, చేయి కనిపించాల్సిన అవసరమే లేని బటన్‌ను తయారుచేసింది. రెండింటి మధ్య ప్రత్యక్ష సంబంధం ఉందని నేననడం లేదు. వాటిని నిర్మించినవారు వేరు, ఆడినవారు వేరు. సంబంధం లేకపోవడమే గమనార్హం.

3. క్వేక్ వరల్డ్: నాలుగు బైట్లు, ఒక మాట

ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 1993లో విడుదల చేసిన డూమ్ ఆటలో గరిష్ఠంగా నలుగురు కలిసి ఆడవచ్చు. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి. మధ్యలో సర్వర్ లేదు కనుక పాలించవలసిందీ లేదు. 1996 జూన్‌లో వచ్చిన క్వేక్‌తో సర్వర్-క్లయింట్ విభజన స్థిరపడింది. అయితే క్వేక్‌ను స్థానిక నెట్‌వర్క్ వేగాన్ని దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. ఫోను లైను మోడెమ్‌తో ఆడేవారికి అది నత్తనడక నడిచింది. జాన్ కార్మాక్ నెట్‌వర్క్ భాగాన్ని తిరగరాశాడు. 1996 డిసెంబరులో విడుదలైన ఆ రూపమే క్వేక్ వరల్డ్.

ఇంటర్నెట్ మీద ఆడటం సాధ్యమయ్యాక సర్వర్ ఇంట్లో ఉండాల్సిన పని లేకుండా పోయింది. ఏ విశ్వవిద్యాలయంలోనో, ఏ ఇంటర్నెట్ కంపెనీ గదిలోనో ఉండవచ్చు. నడిపేవారు మాత్రం అక్కడ ఉండరు. ఆట మధ్యలో రంగస్థలాన్ని మార్చాలన్నా, అల్లరి చేసేవారిని తరిమేయాలన్నా సర్వర్ యంత్రం ముందున్న కీబోర్డు కావాలి. ఈ ఇబ్బందికి పరిష్కారంగా వచ్చిందే ఆర్‌కాన్.

దాని నిర్మాణం ఆశ్చర్యం కలిగించేంత సరళం. ప్యాకెట్ మొదట 255 విలువగల నాలుగు బైట్లు ఉంటాయి. ఇది ఆటకు సంబంధించినది కాదు, విడి సందేశం అని సర్వర్‌కు తెలిపే గుర్తు అది. తర్వాత 'ఆర్‌కాన్' అనే మాట, ఖాళీ, పాస్‌వర్డ్, ఖాళీ, ఆజ్ఞ. అంతే. ఇడ్ సంస్థ 1999 డిసెంబరులో క్వేక్ మూల కోడ్‌ను బహిరంగపరిచింది కనుక సర్వర్ దీన్నెలా పరీక్షిస్తుందో ఎవరైనా చదవవచ్చు. ఆ పరీక్ష కొద్ది పంక్తుల్లో ముగుస్తుంది. సర్వర్‌లో పాస్‌వర్డ్ పెట్టనే లేదా? అయితే తిరస్కరించు. వచ్చిన మాట పెట్టిన మాటతో సరిపోలలేదా? తిరస్కరించు. లేకుంటే అంగీకరించు. పంపినవారి పేరు అడిగే పంక్తి లేదు. పంపినవారు ఆటలో ఉన్నారా అని అడిగే పంక్తీ లేదు.

ఈ చివరి విషయం మీద కొంత నిలవాలి. మడ్‌లో మాంత్రికుడు ఆట లోపల ఉంటాడు. ఆర్‌కాన్ వాడేవారు ఆట ఆడుతూ వాడవచ్చు, ఆటను తెరవకుండానూ వాడవచ్చు. ప్యాకెట్ రూపం తెలిస్తే చాలు, ఆటతో నిమిత్తం లేని చిన్న ప్రోగ్రామ్ కూడా దాన్ని పంపగలదు. ఇప్పుడు మనం చూస్తున్న కమాండ్ లైన్ సాధనాలన్నిటికీ ఈ వెసులుబాటే బీజం. పాలకుడు ఆటగాడై ఉండాలనే పాత నియమం ఇక్కడ నిశ్శబ్దంగా రద్దయింది. ఎవరూ చర్చించలేదు, ఎవరూ ఓటు వేయలేదు.

పాస్‌వర్డ్ ఏ మరుగూ లేకుండా ప్రయాణించేది. మార్గమధ్యంలో ప్యాకెట్లను చూడగలిగినవారెవరైనా చదవవచ్చు. ఈ ప్రమాదం ఆ కాలానికి తెలియనిది కాదు. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగాక టాటు ఇలోనెన్ 1995లోనే ఎస్ఎస్‌హెచ్‌ను రూపొందించాడు. దూరపు యంత్రాలను నిర్వహించే వృత్తి నిపుణులు క్రమంగా దానికి మారారు. ఆటల లోకం మారలేదు. ఇది ఆటే కదా అన్న చులకన అందుకొక కారణమని నా అభిప్రాయం. పోయేది డబ్బు కాదు, దస్త్రం కాదు. పోతే ఒక సాయంత్రం పోతుంది. ఆ సాయంత్రాలను కూడబెట్టుకున్నవారు దాన్ని అంత తేలికగా తీసుకుంటారా అన్నది వేరే మాట.

క్వేక్ వరల్డ్ వాడిన యూడీపీ పద్ధతిని పోస్టుకార్డుతో పోల్చవచ్చు. పోస్టుకార్డు మీద 'ఇట్లు' దగ్గర ఎవరి పేరైనా రాయవచ్చు. తపాలా శాఖ సరిచూడదు. అలాగే యూడీపీ ప్యాకెట్ మీద పంపినవారి చిరునామాగా ఏదైనా వేయవచ్చు. సర్వర్ లాగ్‌లో నమోదయ్యేది ఆ చిరునామాయే. తప్పు పాస్‌వర్డ్ వస్తే 'చెడ్డ ఆర్‌కాన్' అనే అర్థం వచ్చే వరుస, సరైనదైతే 'ఆర్‌కాన్' అనే వరుస, పక్కన చిరునామా. కర్తకు మిగిలిన ఏకైక ఆనవాలు కూడా నమ్మదగినది కాదన్నమాట.

దీని పర్యవసానం 1998లో బయటపడింది. క్వేక్, క్వేక్ 2 సర్వర్లలో నిర్వాహకులు పెట్టుకున్న పాస్‌వర్డ్‌తో సంబంధం లేకుండా పనిచేసే మరో మాట దాగి ఉందని భద్రతా పరిశోధకులు ప్రకటించారు. 'టీఎమ్ఎస్' అనే మూడక్షరాలు, 192.246.40తో మొదలయ్యే చిరునామా నుంచి వస్తే సర్వర్ తలుపు తెరుచుకునేది. ఆ చిరునామాలు ఇడ్ సంస్థవి. అంటే తయారీదారు ప్రతి ఇంటికీ ఒక మారుతాళం తన దగ్గర ఉంచుకున్నాడు. ఇంటివారికి ఆ సంగతి తెలియదు. పోస్టుకార్డు మీద ఏ చిరునామా అయినా రాయవచ్చు కనుక ఆ మారుతాళం నిజానికి తయారీదారు ఒక్కడిదే కాదు, గుట్టు తెలిసిన ప్రతివారిదీ. సర్వర్ అద్దె కట్టి, రాత్రిళ్ళు మేలుకొని నడిపినవారు అసలు పాలకులమని అనుకున్నారు. వారు పాలించింది మరొకరి అనుమతి మీద. ఆ ఆజ్ఞలు వచ్చినా లాగ్ చూసి గుర్తించడం దాదాపు అసాధ్యం.

4. హాఫ్-లైఫ్, సోర్స్: సంభాషణగా మారిన ఆజ్ఞ

వాల్వ్ సంస్థ 1998 నవంబరులో విడుదల చేసిన హాఫ్-లైఫ్ క్వేక్ యంత్రాంగాన్ని ఆధారం చేసుకుని నిర్మించినదే. ఆర్‌కాన్ కూడా వెంట వచ్చింది, ఒక సవరణతో. ఆజ్ఞ పంపేముందు సర్వర్‌ను ఒక సంఖ్య అడగాలి. సర్వర్ ఇచ్చిన ఆ సంఖ్యను ఆజ్ఞతో జతచేయాలి. దొంగ చిరునామాతో పంపినవారికి ఆ సంఖ్య అందదు కనుక పోస్టుకార్డు మోసానికి ఇది అడ్డుకట్ట. పాస్‌వర్డ్ మాత్రం ఎప్పటిలాగే బాహాటం. పైగా హాఫ్-లైఫ్ లాగ్ మొత్తం ఆజ్ఞను, పాస్‌వర్డ్‌తో సహా, ఉన్నదున్నట్టు రాసుకునేది. మా వసతిగృహంలో జరిగిన రసాభాసకు మూలం ఇదే.

2004లో సోర్స్ యంత్రాంగంతో వాల్వ్ ఈ పద్ధతిని తిరగరాసింది. యూడీపీ స్థానంలో టీసీపీ వచ్చింది. పోస్టుకార్డు పోయి ఫోన్‌కాల్ వచ్చినట్టు. అవతలివారు ఎత్తాలి, ఒకసారి పరిచయం చెప్పుకోవాలి, ఆ తర్వాత లైను తెగేదాకా మాట్లాడవచ్చు. ప్యాకెట్‌కు స్థిరమైన అంగవిభాగం ఏర్పడింది. పొడవు, గుర్తింపు సంఖ్య, రకం, ఆ తర్వాత పాఠం. రకం 3 అయితే ప్రవేశం కోరడం, 2 అయితే ఆజ్ఞ, 0 అయితే జవాబు. ప్రవేశం కోరినప్పుడు సర్వర్ ఇచ్చే తీర్పుకు కూడా 2 సంఖ్యనే వాడారు. కాబట్టి 2 అనే సంఖ్యకు వెళ్ళేటప్పుడొక అర్థం, వచ్చేటప్పుడొక అర్థం. మనమైతే దీన్ని శ్లేష అంటాం. సాధనాలు రాసే ప్రోగ్రామర్లు పెట్టుకునే పేర్లు ఇంత మర్యాదగా ఉండవు.

'గుర్తింపు సంఖ్య' అనే మాట చూసి ఇక్కడ కర్త తిరిగి వచ్చాడని భ్రమపడే అవకాశముంది. ఆ సంఖ్య వ్యక్తిది కాదు, అభ్యర్థనది. ఏ ప్రశ్నకు ఏ జవాబో జతపరచడానికి ఆజ్ఞ పంపే ప్రోగ్రామే దాన్ని ఎంచుకుంటుంది. పాస్‌వర్డ్ తప్పితే సర్వర్ ఆ స్థానంలో మైనస్ 1 పంపుతుంది. జవాబు 4096 బైట్ల పరిధి దాటితే ముక్కలుగా వస్తుంది. అయితే ఏది చివరి ముక్కో చెప్పే గుర్తు లేదు. అందువల్ల సాధనాల రచయితలు అసలు ఆజ్ఞ వెనుకే ఒక ఖాళీ ప్యాకెట్ పంపుతారు. దానికి ప్రతిధ్వని వచ్చిందంటే అంతకుముందరి జవాబు పూర్తయిందని అర్థం. ఇలాంటి చిట్కాలతోనే ఈ పద్ధతి రెండు దశాబ్దాలు బతికింది.

పాస్‌వర్డ్‌ను తీగ మీద పంపకుండా ఉండే మార్గాలు లేకపోలేదు. 2010లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ బ్యాడ్ కంపెనీ 2 సర్వర్లు ముందుగా ఒక యాదృచ్ఛిక విలువను పంపి, దానితో పాస్‌వర్డ్‌ను కలిపి గణించిన ఫలితాన్ని మాత్రమే తిరిగి కోరే ఏర్పాటు చేసుకున్నాయి. అయినా వ్యాప్తిలోకి వచ్చింది సోర్స్ పద్ధతే. వాల్వ్‌తో సంబంధం లేని ఆర్క్, ఫ్యాక్టోరియో వంటి ఆటలు సైతం దాన్నే స్వీకరించాయి. అది మెరుగైనది కావడం వల్ల కాదు. అప్పటికే దాన్ని మాట్లాడే సాధనాలు ప్రతిచోటా ఉండటం వల్ల.

5. అక్షరాలుగా విడిపోయిన అధికారం

ఆర్‌కాన్ పాస్‌వర్డ్ విభజించడానికి వీల్లేనిది. తెలిస్తే సర్వస్వం, తెలియకపోతే శూన్యం. ఒక సర్వర్‌కు పదిమంది సహాయకులు అవసరమైనప్పుడు ఈ స్వభావం ఇబ్బంది పెట్టింది. పరిష్కారం సంస్థల నుంచి కాక ఆటగాళ్ళ నుంచి వచ్చింది. హాఫ్-లైఫ్‌కు అభిమానులు రాసిన అడ్మిన్ మాడ్, ఏఎమ్ఎక్స్ మాడ్ ఎక్స్ వంటి అనుబంధాలు అధికారాన్ని ముక్కలు చేశాయి.

ఏఎమ్ఎక్స్ మాడ్ ఎక్స్‌లో ఒక్కో అధికారానికి ఒక్కో రోమన్ అక్షరం. 'సీ' అంటే ఆట నుంచి పంపేసే అధికారం, 'డీ' అంటే నిషేధం, 'ఎఫ్' అంటే రంగస్థలం మార్పు, 'జే' అంటే ఓటింగు పెట్టడం. ఎవరికి ఏ అక్షరాలున్నాయో ఒక మామూలు పాఠ్య ఫైలులో వరుసగా రాస్తారు. 2003లో స్టీమ్ సేవ మొదలయ్యాక ప్రతి ఖాతాకూ స్థిరమైన గుర్తింపు సంఖ్య వచ్చింది. కనుక ఈ వరుసల్లో పేరు బదులు ఆ సంఖ్యనే రాయడం అలవాటైంది. ఇక ఫలానా ఆటగాడిని ఫలానా నిర్వాహకుడు నిషేధించాడని సర్వర్ చెప్పగలిగింది. కర్త తిరిగి వాక్యంలోకి వచ్చాడు.

ఆ అక్షరాలలో రెండు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. 'ఏ' అనే మొదటి అక్షరం ఏ పనినీ చేయనివ్వదు. అది ఉన్నవారి మీద తక్కిన నిర్వాహకుల అధికారాలు పనిచేయవు. అంటే రక్షాకవచం. పట్టికలో మొట్టమొదటి అధికారం పాలించడం కాదు, పాలనకు అతీతంగా ఉండటం. రెండోది 'ఎల్'. అది ఆర్‌కాన్ అధికారం. అధికారాన్ని ఇంత జాగ్రత్తగా ముక్కలు చేశాక, ఆ ముక్కలన్నిటినీ మింగేసే ముక్కను కూడా అదే పట్టికలో ఒక అక్షరంగా ఉంచారు. పాత సార్వభౌమాధికారం రద్దు కాలేదు. వరుసలో పన్నెండో అక్షరమై కూర్చుంది.

తెలుగు వికీపీడియాలో రాసే మిత్రులకు ఈ చర్చ పరిచితంగానే తోస్తుంది. అక్కడ ఒక నిర్వాహకుడు ఒక వాడుకరిని నిరోధిస్తే ఎవరు, ఎవరిని, ఎప్పుడు, ఎంతకాలానికి, ఏ కారణంతో అన్నవి అందరూ చదవగల చిట్టాలో నమోదవుతాయి. నిర్ణయం తప్పైతే ప్రశ్నించడానికి ఒక పేరు దొరుకుతుంది. ఆర్‌కాన్‌లో దొరకనిది అదే.

6. మనిషి లేని ఆజ్ఞ

2011 నవంబరులో పూర్తి రూపంలో విడుదలైన మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లోనూ సోర్స్ పద్ధతి ఆర్‌కాన్ చేరింది. 25575 దాని అలవాటు పోర్టు. సర్వర్ అమరికల ఫైలులో ఒక వరుస మార్చి, పాస్‌వర్డ్ రాస్తే చాలు. ఆ పాస్‌వర్డ్ కూడా ఫైలులో బాహాటంగానే ఉంటుంది. ఈ ఆటతోనే కమాండ్ లైన్ సాధనాలు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. సీ భాషలో రాసిన ఎమ్‌సీఆర్‌కాన్ వాటిలో బాగా తెలిసినది. సర్వర్ చిరునామా, పోర్టు, పాస్‌వర్డ్, ఆజ్ఞ ఒకే వరుసలో రాసి ఎంటర్ నొక్కితే జవాబు అచ్చవుతుంది, ప్రోగ్రామ్ ముగుస్తుంది. తెర లేదు, బొమ్మ లేదు, ఆట లేదు.

ఇంత పొడి వస్తువు చరిత్రకారుడికి ఎందుకని అడగవచ్చు. దీన్ని వాడటానికి మనిషి ఉండనక్కర్లేదు కనుక. కమాండ్ లైన్ మీద టైపు చేయగలిగినదేదైనా ఒక ఫైలులో రాసిపెట్టి వేళకు నడపవచ్చు. మైన్‌క్రాఫ్ట్ లోకానికి నకలు తీసే పద్ధతినే చూద్దాం. తెల్లవారుజామున నాలుగింటికి యంత్రమే మేలుకుంటుంది. మొదట 'సే' ఆజ్ఞతో ఆటలో ఉన్నవారికి ఒక మాట చెబుతుంది. 'సేవ్-ఆఫ్' అని ఆజ్ఞాపించి డిస్కు మీద రాతను ఆపుతుంది. 'సేవ్-ఆల్' అని అప్పటిదాకా జ్ఞాపకంలో ఉన్నదంతా రాయిస్తుంది. ఫైళ్ళను మరోచోటికి కాపీ చేస్తుంది. 'సేవ్-ఆన్' అని రాతను తిరిగి మొదలుపెట్టిస్తుంది. చివరి ఆజ్ఞ ఏ కారణం చేతనైనా పంపకపోతే, ఆటగాళ్ళు ఆ తర్వాత గంటల తరబడి కట్టిన ఇళ్ళూ కోటలూ డిస్కుకు చేరవు. సర్వర్ హఠాత్తుగా ఆగితే అవన్నీ మాయమవుతాయి. నెలల శ్రమ ఒక్క పదం మీద ఆధారపడి ఉంటుంది. ఆ పదం పలికేది నిద్రపోతున్న నిర్వాహకుడి తరఫున ఒక ఫైలు.

ఆటలో ఉన్నవారికి ఈ ఆజ్ఞ ఎలా కనిపిస్తుందన్నది మరింత ఆసక్తికరం. ఆర్‌కాన్ ద్వారా 'సే' పంపితే తెర మీద పలికినవారి స్థానంలో 'ఆర్‌కాన్' అనే పేరే వస్తుంది. పాస్‌వర్డ్ తెలిసినవారు అయిదుగురైనా, యాభైమందైనా, వారిలో కొందరు మనుషులు కాక ఫైళ్ళైనా, అందరికీ అదే పేరు. క్వేక్ వరల్డ్‌లో కర్త లోపించాడు. ఇక్కడ ఆ లోపానికే ఒక పేరు పెట్టి కర్త స్థానంలో కూర్చోబెట్టారు.

భాషా విద్యార్థిగా నాకు ఈ ఆజ్ఞల వ్యాకరణం మీద కూడా దృష్టి పోయింది. కిక్, బ్యాన్, సే, స్టాప్ అన్నీ విధ్యర్థక క్రియలు. తెలుగులో విధ్యర్థకం ఒంటరిగా ఉండదు. 'వెళ్ళు' అంటే ఒక సంబంధం, 'వెళ్ళండి' అంటే మరొకటి, 'వెళ్ళవయ్యా' అంటే ఇంకొకటి. చెప్పేవారికీ వినేవారికీ మధ్య దూరం క్రియ చివరనే తెలిసిపోతుంది. ఆర్‌కాన్ ఆజ్ఞలో క్రియ ఉంటుంది, కర్మ ఉంటుంది. పలికేవారి ఛాయ ఉండదు. ఆజ్ఞను యంత్రం వింటుంది కనుక మర్యాద ప్రసక్తి లేదనడం సగం నిజమే. దాని ఫలితాన్ని అనుభవించేది మనిషే.

లిపి సంగతి కూడా ఉంది. సోర్స్ ప్యాకెట్ పాఠభాగాన్ని వాల్వ్ ఆస్కీ పాఠంగా నిర్వచించింది. ఆస్కీలోని 128 సంకేతాలలో తెలుగుకు చోటు లేదు. తెలుగు 1991లో యూనికోడ్ మొదటి సంచికలోనే చేరింది. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. 'శాసనం' అనే మాటకు పదిహేను. కొన్ని సాధనాలు వాటిని మోసుకుపోతాయి. ఆస్కీనే నమ్ముకున్నవి ప్రశ్నార్థకాలుగానో చిందరవందర గుర్తులుగానో మారుస్తాయి. తెలుగు పిల్లలు ఆడుకునే సర్వర్లో 'అయిదు నిమిషాల్లో సర్వర్ ఆగుతుంది' అని తెలుగులో హెచ్చరించదలచినవారు ముందుగా తమ సాధనం ఏ జాతిదో చూసుకోవాలి.

కమాండ్ లైన్ తెచ్చిన కొత్త ప్రమాదం మరొకటి ఉంది. పాస్‌వర్డ్‌ను ఆజ్ఞా వరుసలోనే రాస్తే అది షెల్ చరిత్ర ఫైలులో మిగిలిపోతుంది. పలువురు వాడే లినక్స్ యంత్రంలో, సాధనం నడుస్తున్నంతసేపు, నడుస్తున్న పనుల పట్టికలో ఇతర వాడుకరులకూ కనిపించవచ్చు. అందుకే ఎమ్‌సీఆర్‌కాన్ వంటివి పాస్‌వర్డ్‌ను పర్యావరణ చరరాశిగా విడిగా ఇచ్చే వీలు కల్పించాయి. వసతిగృహం లాగ్‌లో అచ్చైన పాస్‌వర్డ్ పదిమంది కంటపడినట్టే ఇదీ. లీకయ్యే చోటు మారింది.

7. నలభై అక్షరాలు

2025 సెప్టెంబరు చివర విడుదలైన మైన్‌క్రాఫ్ట్ 1.21.9 సంచికలో సర్వర్ నిర్వహణకు కొత్త పద్ధతిని ప్రవేశపెట్టారు. ఆజ్ఞలను ఇందులో వాక్యాలుగా కాక నిర్దిష్ట రూపంలోని సందేశాలుగా పంపుతారు. ప్రయాణించే సమాచారానికి మొదటి నుంచే మరుగు ఉంటుంది. ఆటగాడు వచ్చినా వెళ్ళినా సర్వర్ తనంతట తానే నిర్వాహకుడికి తెలుపుతుంది. 1996 నాటి బాహాటపు పాస్‌వర్డ్ సమస్యకు ఇది దాదాపు ముప్ఫై ఏళ్ళ తర్వాత వచ్చిన సమాధానం. పాత ఆర్‌కాన్‌ను తొలగించలేదు; రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

కొత్త పద్ధతిలో ప్రవేశానికి ఒక రహస్యం కావాలి. అక్షరాలూ అంకెలూ కలిసి అది సరిగ్గా 40 ఉండాలి. నిర్వాహకుడు రాయకుండా వదిలేస్తే సర్వరే ఒకటి తయారుచేసి అమరికల ఫైలులో పెడుతుంది. ఊహించి కనిపెట్టడం ఇక సాధ్యం కాదు, దారిలో దొంగిలించడమూ కష్టమే. ఆ నలభై అక్షరాలు సర్వర్ మొత్తానికీ ఒకటే. దాన్ని నలుగురు సీనియర్లు పంచుకుంటే, వచ్చిన ఆజ్ఞ ఆ నలుగురిలో ఎవరిదో చెప్పే గడి ఆ సందేశంలో ఇప్పటికీ లేదు.